రెండు నిమిషాల విమానం

స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవులున్నాయి. వాటి విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు. టైం టేబుల్ ప్రకారం నడిచే విమానాల్లో ప్రపంచంలో ఈ రెండు దీవుల మధ్య తిరిగేదానికన్నా తక్కువ దూరం వెళ్లేది మరొకటి లేదు. పేరులోని ‘పాపా’కు పసిపాపతో సంబంధం లేదు, ఒకప్పుడు అక్కడున్న క్రైస్తవ సన్యాసులను నార్స్ జనం పిలిచిన మాట అది.

ఆ దీవులకు విమానం పాత చుట్టమే. 1933లో కెప్టెన్ టెడ్ ఫ్రెసన్ తన హైలాండ్ ఎయిర్‌వేస్ విమానాన్ని ఇన్వర్నెస్ నుంచి ఆర్క్‌నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్‌కు నడిపాడు. 1934 మే 29న అదే దారిలో అదనపు రుసుము లేకుండా, మామూలు తపాలా బిళ్లతోనే ఉత్తరాలు విమానమెక్కాయి. అప్పట్లోనే చిన్న దీవులకూ విమానాలు తిరిగాయి గానీ రెండో ప్రపంచ యుద్ధంతో ఆగిపోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడివాళ్లకు పడవే దిక్కు.

1967లో లోగనేర్ సంస్థ ఆ దారులను తిరిగి తెరిచింది. విల్లీ లోగన్ అనే నిర్మాణ కాంట్రాక్టరు పేరు మీద 1962లో ఎయిర్ టాక్సీగా పుట్టిన సంస్థ అది. దానికి కలిసొచ్చింది బ్రిటెన్-నార్మన్ ఐలాండర్. 1965లో తొలిసారి ఎగిరిన ఈ రెండింజన్ల చిన్న విమానానికి పొట్టి రన్‌వే చాలు. ప్రయాణికులు ఎనిమిది మంది, పైలట్ ఒక్కడే. ఒకరికి పైలట్ పక్క సీటు కూడా దొరుకుతుంది.

ఈ రెండు దీవులను కలపడానికే ఎవరూ విమానం వేయలేదు. కిర్క్‌వాల్ నుంచి పాపా వెస్ట్రే 40 కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం వెళ్లిన విమానం పక్కనున్న వెస్ట్రేలోనూ దిగితే ఒకే చుట్టులో రెండు దీవుల పనీ అయిపోతుంది. ప్రపంచ రికార్డు ఆ లెక్కలో పుట్టిన ఉపఫలితం మాత్రమే. టీచర్లు, రోగులు, పాపా వెస్ట్రేలో 5,000 ఏళ్లు దాటిన నాప్ ఆఫ్ హోవర్ రాతి ఇళ్లను చూడబోయేవాళ్లు ఎక్కే విమానమిది.

టైం టేబుల్‌లో ఈ రెండు దీవుల మధ్య ప్రయాణానికి రెండు నిమిషాలు రాస్తారు. మామూలుగా నిమిషంన్నర పడుతుంది. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. అందుకే గాలి ఎటు వీస్తే అటు చుట్టు తిరగాల్సి వస్తుంది. కొన్ని కిలోమీటర్ల చుట్టు హైదరాబాద్–విశాఖ ప్రయాణంలో లెక్కలోకి రాదు గానీ ఇక్కడ అది ప్రయాణాన్నే రెట్టింపు చేయగలదు. గాలి, రన్‌వేలు రెండూ అనుకూలించిన రోజున పైలట్ స్టూవర్ట్ లింక్‌లేటర్ 53 సెకన్లలో దించాడు. అంతకంటే త్వరగా ఇంకెవరూ దించలేదు.