పాతకార్లలో ఇంజనాయిలు వడపోత

వాంకూవర్ వీధులలో మోటారుబండి మొట్టమొదట తిరిగినది 1899లో. అది పెట్రోలుతో గాక ఆవిరితో నడచు స్టాన్లీ బండి. పిదప 1907 ప్రాంతమున ఇంపీరియల్ ఆయిల్ సంస్థవారు కేంబీ, స్మైద్ వీధుల కూడలిలో, నీరు కాచు తొట్టికి తోటనీళ్ళ రబ్బరుగొట్టము తగిలించి పెట్రోలు అమ్మనారంభించిరి. కెనడా దేశమున అదియే మొదటి పెట్రోలు బంకని ప్రసిద్ధి. ఇంధనమునకు ఇంత ఏర్పాటు జరిగిన ఆ రోజులలో, ఇంజనులోపల తిరుగాడు నూనెను వడపోయవలెనన్న తలంపు మాత్రము ఇంకను ప్రబలలేదు.

1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు 'టి' బండినే చూడుడు. దానిలో ఆయిలు పంపు లేదు, ఫిల్టరును లేదు. గిరగిర తిరుగు ఫ్లైవీలు నూనెను ఎగజిమ్మగా, ఒక గరాటు దానిని పట్టి, సన్నని గొట్టముగుండ ఇంజను ముందుభాగమునకు పంపెడిది. అచటినుండి నూనె తనంతట తానే వెనుకకు జారివచ్చెడిది. మలినము అడుగున పేరుకొనెడిది. ఇట్టి యంత్రము నిలిచినదనిన, అందుకు ముఖ్యకారణము బాబిట్ లోహపు బేరింగుల మెత్తదనమే. ఇసుకరేణువు తగిలినచో ఆ లోహము దానిని తనలో ఇముడ్చుకొని, షాఫ్టు గీరుకొనిపోకుండ కాపాడెడిది.

1923లో ఎర్నెస్ట్ స్వీట్లాండ్ ప్యూరొలేటరు అను వడపోతసాధనమును రూపొందించెను; మరుసటియేట వచ్చిన క్రైస్లర్ సిక్సు కారులో అది అమరెను. అయితే అది పంపునుండి వెలువడు నూనెనంతను వడపోయునది కాదు. అందులో స్వల్పభాగము మాత్రమే సన్నని రంధ్రముగుండ పక్కదారిని పోయి, శుద్ధిపొంది మరల అడుగుతొట్టిలో కలిసెడిది. చెరువునీటిని కుండెడేసి వడగట్టి తిరిగి చెరువులోనే పోయుటవంటి ఈ పద్ధతిని బైపాసు వడపోత యందురు. దీనిని కేవలము లోపభూయిష్ఠమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. నూనె మెల్లగా పోవును గనుక వడపోత పదార్థమును మిక్కిలి దట్టముగ కూర్చవచ్చును. కావున మిగుల సూక్ష్మమైన మాలిన్యము సైతము చిక్కును. ఫిల్టరు పూర్తిగా పూడిపోయినను బేరింగులకు నూనె అందుచునే యుండును. కాని పంపు పీల్చిన రేణువు ఫిల్టరును చేరకమునుపే బేరింగును చేరవచ్చుననుట దీని మౌలికదోషము. 1932 నుండి 1953 వరకు వచ్చిన ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వి-8 ఇంజనుమీద డబ్బావలె కూర్చుండిన ఫిల్టరు ఈ జాతిదే.

ఇంజనుల వేగము, భారము పెరుగగా, మెత్తని బాబిట్ స్థానమున రాగి, సీసముల మిశ్రమముతో పలుచని గట్టి బేరింగులు వచ్చెను. అవి రేణువును ఇముడ్చుకొనజాలవు. అందుచేత నూనెయంతయు బేరింగులకు పోవుటకు ముందే వడపోయబడవలసివచ్చెను. ఈ మార్పు బ్రిటిషు కార్లలో స్పష్టముగ గోచరించును: 1952 నాటి 803 సి.సి. మోరిస్ మైనరునకు బైపాసు వడపోత. 1956లో 948 సి.సి. ఇంజను వచ్చినప్పుడు సంపూర్ణ వడపోత. యుద్ధానంతరము డాలర్లకై బ్రిటను తన కార్లను విరివిగ ఎగుమతిచేయుటచేత కెనడాకు అట్టివి పెక్కు చేరినవి. నేటికిని వాంకూవరులోని వాన్‌డ్యూసెన్ ఉద్యానమున మే మాసమున పాత బ్రిటిషు కార్ల మేళా జరుగును. అచట ఎం.జి.ఎ. కారు బానెట్టు ఎత్తిచూపినచో, మన అంబాసిడరు నెరిగిన తెలుగువానికి ఆ 1489 సి.సి. బి-సిరీస్ ఇంజను పాతచుట్టమే.

సంపూర్ణ వడపోతలో స్ప్రింగు వాల్వొకటి తప్పనిసరి. చలికి నూనె చిక్కబడినను, ఫిల్టరు పూడినను, ఆ వాల్వు తెరచుకొని వడపోయని నూనెనే బేరింగులకు పంపును. ఏలయన నూనె లేకపోవుటకన్న మలిననూనె మేలు.

అయినను వాంకూవరువంటి వానలూరిలో, ఇంజను సరిగా వేడెక్కకముందే ప్రయాణము ముగియు బండ్లలో నీరు చేరి నూనె బురదయగును. దానిని ఏ ఫిల్టరును పూర్తిగా తొలగింపజాలదు. కాన బైపాసు వడపోతగల బండినుంచుకొన్నవారు తరచుగ నూనె మార్పవలెను. అంబాసిడరు గలవారు నూనె మార్చినప్పుడెల్ల ఫిల్టరులోపల క్రొత్త వడపోత ఎలిమెంటును వేసి, గాడిలో నక్కియున్న పాత రబ్బరువలయమును తీసివేసిన పిమ్మటనే క్రొత్తదానిని అమర్పవలెను. ఒకదానిపై నొకటి పడినచో నూనె కారితీరును.