కాగితం వైపు చూడొద్దు

పొద్దున ఎనిమిదిన్నర. కూపర్టినోలో స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీద ఆఫీసు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వరస వదిలి డి ఆంజా కాలేజీ పార్కింగులోకి తిరుగుతాను. వెనక సీట్లోంచి రెండడుగుల కాగితాల ప్యాడ్ బయటికి లాగగానే గాలి దాన్ని పట్టుకుని లాగుతుంది. దాన్ని గుండెకి అదుముకుని, ఎర్ర పెంకుల కప్పుల కింద పొడుగాటి వసారాలు దాటి, స్టూడియో తలుపు తోస్తాను. ముందు తగిలేది వాసన. బొగ్గు పొడి, పాత చెక్క, ఎవరో తెచ్చుకున్న కాఫీ.

నా కుడి పక్కన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇక్కడ రెండేళ్లు చదివి నాలుగేళ్ల యూనివర్సిటీకి మారాలని చూస్తున్నాడు. ఎడమ పక్కన రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి బట్టల్లోనే వచ్చిన నర్సు. కిటికీ దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన, ఉద్యోగం మానాక మొదటిసారి బొగ్గు పట్టుకున్నారట. మధ్యలో నేను, తెనాలి నుంచి వచ్చిన దాన్ని, నలభై మూడేళ్లు. చేరేటప్పుడు ఇంతకుముందు గీసినవి చూపించమని ఎవరూ అడగలేదు. పరీక్ష పెట్టలేదు. ఈ రాష్ట్రంలో స్థిరపడినవాళ్లకి ఇక్కడ ఫీజు యూనిట్‌కి 31 డాలర్లు. కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రభుత్వ కాలేజీలు 116 ఉన్నాయి.

ఈ తలుపు ఇలా తెరిచి ఉండటం నాకు ఎంత పెద్ద విషయమో చెప్పాలి. మా చిన్నప్పుడు బొమ్మలు గీయాలంటే బొమ్మలు ముందే ‘వచ్చి’ ఉండాలి. “దీనికి బొమ్మలు రావు” అని ఆరో తరగతిలో ఎవరైనా అన్నారంటే ఆ మాట జీవితాంతం ఉండిపోయేది. ఎక్కాలు రాకపోతే కూర్చోబెట్టి నేర్పేవారు. బొమ్మలు రాకపోతే మాత్రం అది పుట్టుకతో రావాల్సిందన్నట్టు వదిలేసేవారు. ఇక్కడ క్లాసు పెట్టిందే రానివాళ్ల కోసం.

టీచర్ దీపం వెలిగిస్తారు. బల్ల మీద రోజూ ఉండే ఆవు పుర్రె, సీసాలు, తెల్లదుప్పటి ఉన్నాయి. ఇవాళ వాటి జోలికి వెళ్లొద్దంటారు. “మీ ఎడమ చెయ్యి చూడండి. దాన్నే గీయండి. ఇరవై నిమిషాలు కాగితం వైపు చూడొద్దు.”

బొగ్గు పుల్ల తీసుకుంటాను. ద్రాక్షతీగని గాలి తగలకుండా కాల్చి చేసిన బొగ్గు, కాస్త గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని బొటనవేలి మొదలు దగ్గర చూపు ఆనిస్తాను. కన్ను ఎంత మెల్లగా కదిలితే బొగ్గూ అంత మెల్లగా కదలాలి. కన్ను ఆగితే బొగ్గూ ఆగాలి. గదిలో మాటలు ఆగిపోయాయి. ఇరవై పుల్లలు కాగితాల మీద గరగరమంటూ పాకుతున్నాయి, అంతే.

మొదటి రెండు నిమిషాలు మెడ దానంతటదే కాగితం వైపు తిరగబోతుంది. బలవంతంగా ఆపుకుంటాను. తర్వాత ఏదో సర్దుకుంటుంది. బొటనవేలి కణుపు మీద మూడు ముడతలు అనుకున్నాను, ఐదున్నాయి. అందులో ఒకటి సగంలో చీలిపోయింది. చూపుడువేలి పక్కన కత్తిపీటకి తెగిన పాత మచ్చ. ఎన్నేళ్లుగానో నాతో ఉన్న మచ్చ వంకర తిరిగి ఉంటుందని ఇవాళే తెలిసింది. ఇన్నాళ్లూ ‘చెయ్యి’ అనే మాటనే చూశాను కాబోలు, నా చేతిని చూడలేదు.

టైము అయింది. కాగితం వైపు చూస్తే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, చిటికెన వేలు ఎక్కడో అంచున విడిగా ఉంది. కానీ ఆ ఐదు ముడతలూ ఉన్నాయి. వాటి దగ్గర గీత బతికే ఉంది. టీచర్ వంగి చూసి, సరిగ్గా అక్కడే వేలు పెట్టి, ఏమీ అనకుండా ముందుకి వెళ్తారు.

మధ్యాహ్నం కళా చరిత్ర క్లాసు. దీపాలు ఆర్పేశారు. తెర మీద బొమ్మ పడుతుంది. ఈ ప్రొఫెసర్ బొమ్మ పేరూ, సంవత్సరమూ ముందు చెప్పరు. పది నిమిషాలు కనిపించినదే చెప్పమంటారు. అలసిన మగవాళ్లు, ఆరుగురు. మెడలో ఉరితాళ్లు. చెప్పుల్లేవు. ఒకరినొకరు చూసుకోవడం లేదు. “చేతులు ఒంటికి మించి పెద్దవి” అంటుంది పొద్దున్నే నా పక్కన కూర్చున్న నర్సు.

అప్పుడు కథ వస్తుంది. 1347లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ నెలల తరబడి ముట్టడించిన కలే పట్టణం. ఊరిని వదిలిపెట్టాలంటే ఆరుగురు పెద్దలు తాళాలు పట్టుకుని ప్రాణాలివ్వడానికి రావాలన్నాడు. వాళ్లు బయల్దేరారు. రాణి బతిమాలి ప్రాణాలు కాపాడిందని కథ. 1884లో ఆ పట్టణం శిల్పి రోదాని వాళ్ల విగ్రహం అడిగింది. ఆయన వీరుల్ని చేయలేదు, భయపడుతూ నడిచే మనుషుల్ని చేశాడు. 1895లో ఆవిష్కరించినప్పుడు ఊరివాళ్లు వాటిని ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టారు.

తర్వాతి స్లైడులో పెన్సిల్ గీతలు, పల్చటి నీటిరంగు. రోదా మోడళ్లని గదిలో ఇష్టం వచ్చినట్టు తిరగమని, వాళ్ల మీంచి చూపు తిప్పకుండా, కాగితం చూడకుండా గీసేవాడట. చీకట్లో నర్సూ నేనూ ఒకేసారి ఒకరి వైపు ఒకరం తిరుగుతాం. మా గోళ్లల్లో ఇంకా పొద్దుటి బొగ్గు ఉంది.

ఆపైన ఇంకో మాట. మద్రాసు మ్యూజియంలోని నటరాజ కంచు విగ్రహాల ఫొటోలు చూసి 1913లో ఆయన ఒక వ్యాసం రాశాడు. అది అచ్చయింది ఆయన పోయాక, 1921లో. ఫొటోలు చూసి రాసినవాడు ఆయన. స్కూలు విహారయాత్రలో ఆ మ్యూజియానికి వెళ్లి, ఆ కంచు ముందు నుంచే నడిచిపోయినదాన్ని నేను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తున్నంతసేపూ ఈ సంగతి నన్ను వదల్లేదు.

శనివారం. 280 ఫ్రీవే మీద అరగంట లోపే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ. రాతి కమానుల మధ్య ఆవరణలో, మరో కంచు పోతలో, ఆ ఆరుగురూ నేల మీదే నిలబడి ఉన్నారు, దిమ్మె లేదు. వాళ్ల మధ్య నుంచి సైకిళ్లు నడిపించుకుంటూ పిల్లలు వెళ్తున్నారు. తాళం పట్టుకున్న జాఁ దేర్ దగ్గర ఆగుతాను. అతని చేతులు నా నడుము ఎత్తులో ఉన్నాయి.

తెనాలిలో మా వీధి చివర విగ్రహాలు చేసే షెడ్డుండేది. మట్టి విగ్రహాల మీద తడి గోనెపట్టాలు. ఒక బల్ల మీద విడిగా చేతులు. దండం పెట్టేవి, వేలెత్తి చూపించేవి, పుస్తకం పట్టుకున్నవి. రేపు ఏ కూడలిలో ఏ నాయకుడిదవుతుందో ఆ చేతికే తెలియదు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో అమ్మని అడిగాను, గుర్తుందా అని. “ఎందుకు గుర్తుండదే? బడికి టైమవుతోందన్నా ఆ షెడ్డు ముందు నిలబడిపోయేదానివి. రెక్క పట్టుకుని లాక్కెళ్లేదాన్ని” అంది.

ఇవాళ లాక్కెళ్లేవాళ్లు లేరు. నేల మీద కూర్చుని ప్యాడ్ ఒళ్లో పెట్టుకుంటాను. అతని కుడిచేతి బొటనవేలి మొదలు దగ్గర చూపు ఆనిస్తాను. కంచు మీద శిల్పి వేలు నొక్కిన గుంట ఒకటి అలాగే ఉంది. కన్ను అందులోకి దిగుతుంది. బొగ్గూ దిగుతుంది. కణుపు ఎక్కి, నరం వెంట నడిచి, తాళం మీద వేళ్లు బిగిసిన చోటికి వచ్చేసరికి రెండూ బాగా నెమ్మదిస్తాయి. ఎవరో పక్కన ఆగి, చూసి, వెళ్లిపోతారు. నేను తలెత్తను, కాగితం వైపూ చూడను.

ఎండ కమాను దాటి వాలుతోంది. కుడిచెయ్యి నీడలోకి వెళ్లిపోయింది. కాగితం తిప్పి ఎడమ చెయ్యి మొదలుపెడతాను.