పట్టికల పద్ధతి: దాని పుట్టుక, ప్రాథమిక సూత్రములు

తెలుగునాట గ్రామ వృత్తాంతములను, భూమి లెక్కలను కరణములు కవిలెకట్టలలో వ్రాసి భద్రపరచుచుండిరి. అందలి యొక సంగతి కావలసినచో అది యే కట్టలో నున్నదో యెరిగినవాని నాశ్రయింపవలసి యుండెడిది. కంప్యూటరు వచ్చిన తొలినాళ్ళలోను స్థితి యించుమించుగా నిట్లే యుండెను. 1960 దశకమున అపోలో చంద్రయాత్ర కొఱకు ఐ.బి.ఎం. సంస్థ నిర్మించిన ఐ.ఎం.ఎస్.లో దత్తాంశములు చెట్టుకొమ్మలవలె అమర్చబడెను. చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన ఐ.డి.ఎస్.లో నవి గొలుసులుగా పెనవేయబడెను. రెంటియందును ప్రోగ్రాము వ్రాయువాడు త్రోవ నెరిగి నడువవలెను. అమరిక మారినచో ప్రోగ్రామును తిరిగి వ్రాయవలెను.

ఈ చిక్కునకు పరిష్కారము చూపినవాడు ఎడ్గార్ ఎఫ్. కాడ్. ఇతడు 1923లో ఇంగ్లండునందు జన్మించి, రెండవ ప్రపంచ యుద్ధమున విమానచోదకుడుగా పనిచేసి, పిదప అమెరికాలో ఐ.బి.ఎం.నందు చేరిన గణితజ్ఞుడు. శాన్ హోసే పరిశోధనాలయమున నుండగా 1970 జూనులో నితడు ప్రకటించిన వ్యాసమే యీ శాస్త్రమునకు పునాది. గణితశాస్త్రమునందలి 'రిలేషన్' అను భావమును గైకొని, దత్తాంశములను పట్టికలుగా చూపవచ్చునని యితడు ప్రతిపాదించెను. 'రిలేషనల్' అను పేరు దీనినుండి వచ్చినదే గాని, పలువురు తలచునట్లు పట్టికల నడిమి సంబంధమునుండి వచ్చినది కాదు.

1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్‌లు 'సీక్వెల్' అను భాషను ప్రకటించిరి. అదియే పిమ్మట ఎస్.క్యూ.ఎల్. ఆయెను. ఐ.బి.ఎం.లో సిస్టం ఆర్, బర్కిలీ విశ్వవిద్యాలయమున ఇంగ్రెస్ ఆ దశకముననే రూపొందెను. 1979లో, తరువాత ఒరాకిల్ అని పేరొందిన సంస్థ తన సాఫ్ట్‌వేరును విక్రయమునకు తెచ్చెను. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారము లభించెను. 1986లో అమెరికాయందును, 1987లో అంతర్జాతీయముగాను ఎస్.క్యూ.ఎల్. ప్రమాణముగా నంగీకరింపబడెను.

ఈ పద్ధతిలోని మూలసూత్రము ఒక యుదాహరణముచే తేటపడును. ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబముల జాబితాను ఒకే పట్టికగా వ్రాసితిమనుకొందము. ప్రతి వరుసలో కుటుంబము పేరు, ఊరు, జిల్లా, రాష్ట్రము ఉండును. హోసూరు మొదట సేలం జిల్లాలో నుండి, 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును చేరెను. హోసూరున నూరు కుటుంబములున్నచో, జిల్లా పేరు నూరు చోట్ల దిద్దవలెను. తొంబదింట దిద్ది పదింట మరచినచో, ఒకే యూరు రెండు జిల్లాలలో నున్నట్లు కనబడును. ఏది నిజమో చెప్పుటకు పట్టికకు శక్తి లేదు.

కావున ఊళ్ళకు వేరొక పట్టిక నేర్పరుపవలెను. అందు ప్రతి యూరికి నొక సంఖ్య నీయవలెను. అది ప్రైమరీ కీ. కుటుంబముల పట్టికలో ఊరి పేరునకు బదులుగా నా సంఖ్యనే వ్రాయవలెను. అది ఫారిన్ కీ. పట్టికలో లేని యూరి సంఖ్యను సాఫ్ట్‌వేరు అంగీకరింపదు. రెండు పట్టికలను సంఖ్యద్వారా జోడించుటయే జాయిన్. ఒక విషయము నొకచోటనే వ్రాయునట్లు పట్టికలను విడదీయుట నార్మలైజేషన్. పేరు గాక సంఖ్యయే కీ యగుటకు కారణము కలదు: తెలుగువారి పర్లాకిమిడి ఒడియావారికి పారలాఖెముండి.

ఇచట చరిత్రకారునికి మరియొక చిక్కు ఎదురగును. పర్లాకిమిడి 1936లో మదరాసు రాజధానినుండి ఒడిశాకు చేరి, 1992లో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమాయెను. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రమున కలిసెను. యానాం 1954వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1930లో వ్రాసిన దస్తావేజు పర్లాకిమిడిని మదరాసు రాజధానిలో చూపినచో అది తప్పు కాదు. నేటి పేరుతో దానిని దిద్దుటయే తప్పు. కనుక మూడవ పట్టిక యవసరము: ఊరి సంఖ్య, జిల్లా, రాష్ట్రము, మొదలైన సంవత్సరము, ముగిసిన సంవత్సరము. ఇందు ఊరి సంఖ్యయు, మొదలైన సంవత్సరమును కలిసి కీ యగును. అప్పుడు పాతది చెరుగదు, క్రొత్తది తప్పిపోదు.

యూనికోడు మొదటి రూపమున, 1991లోనే, తెలుగు లిపికి స్థానము లభించినందున ఈ పట్టికలను తెలుగుననే వ్రాయవచ్చును. ఆదేశపదములు నేర్చుట కొన్ని దినముల పని. ఏ విషయము దేనిపై నాధారపడి యున్నదో, ఏది మారునో, ఏది మారరాదో ముందుగా కాగితముపై నిర్ణయించుకొనుటయే కఠినమైన పాఠము. వలస కుటుంబముల వృత్తాంతములను సేకరించువారు ఆ పాఠముతో ప్రారంభించినచో, వారు కూర్చిన దత్తాంశము తరువాతి తరమువారికి నమ్మదగిన యాధారముగా నిలుచును.