జూనియర్ హైస్కూలు: మార్కులూ, పిల్లల లెక్కలూ

జూనియర్ హైస్కూలు అంటే అమెరికాలో సాధారణంగా 7, 8 తరగతులు, కొన్నిచోట్ల 9 కూడా ఉండే బడి. తెలుగు రాష్ట్రాల్లో ఈ వయసు పిల్లలు కొందరు ప్రాథమికోన్నత పాఠశాలల్లో, కొందరు ఉన్నత పాఠశాలల్లో ఉంటారు కాబట్టి, దీనికి అచ్చంగా సరిపోయే బడి మనకు లేదు. అక్కడి ప్రభుత్వ జూనియర్ హై ఎలాంటిదో చెప్పడానికి ఇప్పుడు అందరూ చూసేది ఏటా వెలువడే పట్టికనే. ఎందరు గట్టెక్కారు, ఎవరు ఏ జాతివారు, ఎందరు పేదలు అన్నవి అందులో ఉంటాయి.

అసలు ఈ బడి పుట్టిందే లెక్కల్లోంచి. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఎనిమిదేళ్ల ప్రాథమిక విద్య, ఆపైన నాలుగేళ్ల హైస్కూలు ఉండేవి. ఎనిమిదో తరగతితోనో, అంతకు ముందేనో చదువు ఆపేసేవాళ్లు చాలామంది. ప్రాథమిక విద్యను కుదించాలని హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ 1888లోనే వాదించాడు. తప్పిన తరగతిలోనే ఏళ్ల తరబడి ఉండిపోతున్న పిల్లలను లెక్కగట్టి పరిశోధకుడు లెనార్డ్ ఎయర్స్ 1909లో పుస్తకం వేశాడు. ఈ చర్చల నడుమే, అదే ఏడాది ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఇండియానోలా జూనియర్ హైస్కూలు తెరుచుకుంది. దేశంలో మొదటిదిగా చెప్పుకునేది దీన్నే. మరుసటి ఏడు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ అదే బాట పట్టింది. 1963 తర్వాత విలియం అలెగ్జాండర్ వంటి విద్యావేత్తలు ప్రచారం చేసిన మిడిల్ స్కూలు క్రమంగా దీని చోటు ఆక్రమించింది. యూటా, ఆర్కన్సా లాంటి రాష్ట్రాల్లో పాత పేరు ఇంకా వాడుకలో ఉంది.

బడిలో ఎవరు చదువుతున్నారన్న ప్రశ్న 1954లో బ్రౌన్ కేసు తీర్పుతో ముందుకొచ్చింది. తెల్లవారికీ నల్లవారికీ వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. 1966లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం ఆరు లక్షల మందికి పైగా విద్యార్థులను పరిశీలించి, బడికి పెట్టే ఖర్చుకన్నా ఇంటి పరిస్థితి, తోటి పిల్లల నేపథ్యం చదువుపై ఎక్కువ ప్రభావం చూపుతాయని చెప్పింది. ఈ నివేదికపై వాదాలు నేటికీ ఆగలేదు. మార్కుల పక్కన పిల్లల కూర్పును పెట్టి చూసే అలవాటు మాత్రం దీనితోనే బలపడింది.

2002 జనవరి 8న అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ఆ అలవాటును నిబంధనగా మార్చింది. 3 నుంచి 8వ తరగతి వరకు ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టాలి. ఫలితాలను జాతివారీగా, పేదరికాన్ని బట్టి, వైకల్యాన్ని బట్టి, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారిని వేరుచేసి చూపాలి. అంతవరకూ బడి సగటు మార్కుల చాటున వెనకబడ్డ పిల్లలు కనబడేవారు కారు. ఈ చట్టంలో తప్పులెన్ని ఉన్నా, వాళ్లను కళ్లెదుటికి తెచ్చిన మేలు దానిదే. 2014కల్లా అందరూ నూటికి నూరు శాతం గట్టెక్కాలన్న గడువు మాత్రం మొదటినుంచీ అసాధ్యమే. 2015లో వచ్చిన కొత్త చట్టం దాన్ని తీసేసి, పరీక్షలనూ విడివిడి లెక్కలనూ ఉంచింది.

చిన్న బడికి ఈ లెక్క సరిగా అతకదు. ఎనిమిదో తరగతిలో 40 మంది ఉన్నారనుకుందాం. 26 మంది గట్టెక్కితే 65 శాతం. అందులో ఇద్దరు జ్వరంతో పరీక్ష పాడుచేసుకుంటే 60కి పడిపోతుంది. పంతులమ్మా మారలేదు, పాఠమూ మారలేదు. చిన్న బడుల ఫలితాలు ఏటేటా ఇలా ఊగిసలాడతాయని, అందుకే జాబితాలో పైనా కిందా అవే ఎక్కువగా తేలతాయని ఆర్థికవేత్తలు థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో చూపించారు. పైగా ఒక వర్గంలో అయిదారుగురే ఉంటే వాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుందని ఆ గడిలో అంకెకు బదులు నక్షత్రం గుర్తు వేస్తారు. గోప్యతకు అది అవసరమే. కానీ ఎవరికోసం చట్టం వచ్చిందో ఆ పిల్లలే చిన్న బడిలో మళ్లీ కనబడకుండా పోతారు.

పేదరికాన్ని కొలిచే తీరులోనూ చిక్కుంది. దానికి కొలబద్ద మధ్యాహ్న భోజనం. కుటుంబ ఆదాయం ప్రభుత్వ పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే భోజనం ఉచితం, 185 శాతం దాకా తగ్గింపు ధర. తల్లిదండ్రులు నింపిచ్చిన ఫారాలు ఈ లెక్కకు ఒక ఆధారం. 2010లో వచ్చిన ఒక చట్టం తర్వాత పేదలు ఎక్కువున్న బడులు ఫారాలు అడగకుండా అందరికీ ఉచితంగా పెట్టే వీలొచ్చింది. పిల్లలకు ఎంతో మంచిది. అయితే అలాంటి బడుల్లో భోజనం లెక్క చూసి పేదలెందరో చెప్పడం ఇక కుదరదు.

జాతి గడుల సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల తెలుగు పిల్లా, యుద్ధం వల్ల లావోస్ విడిచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబపు పిల్లా 'ఏషియన్' అనే ఒకే గడిలో పడతారు. ఇద్దరి ఇళ్లలో పుస్తకాలూ ఒకటి కావు, సంపాదనా ఒకటి కాదు.

అమెరికాలో ఇల్లు కొనేముందు బడి రేటింగు చూసే తెలుగు కుటుంబాలు ఎన్నో. అది చిన్న బడి అయితే శాతం కంటే ముందు ఆ గడిలో ఎందరు పిల్లలున్నారో చూడండి. ఒక్క ఏడాది అంకెతో సరిపెట్టుకోక, మూడేళ్ల ఫలితాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి.