పోయిన లక్కపిడతలు

రోలుగుంట వంటి పల్లెలో ఏ పాత ఇంటి అటక వెదకినను తాతలనాటి ఇత్తడి బిందె దొరకును. దస్తావేజుల పెట్టె దొరకును. ఒక్కొక్కచోట తాటియాకు పుస్తకములును దొరకును. కాని ఆ ఇంట పుట్టి పెరిగిన పిల్లలు ఆడుకొన్న లక్కపిడతలు దొరకుట బహు అరుదు. బిందెను ఒకమారు కొనిరి. లక్కపిడతలను తరతరమునకును కొనిరి. ఎక్కువమారులు కొన్న వస్తువే మిగులకపోవుట వింతగా తోచును. మిగిలిన ఆ కొద్దిపాటికి ఇప్పుడు అంతటి విలువ ఏల కలిగినదో, ఆ విలువ మనకు నేర్పు పాఠమేమో ఆలోచింపవలసియున్నది.

చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండిన రోలుగుంట, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. ఆ జిల్లాలోనే వరాహనది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. లక్కపిడతలకు ఆ గ్రామము పుట్టినిల్లు వంటిది. అచ్చటి పనివారు అంకుడుకర్రను వాడుదురు. అది తెల్లని, మెత్తని, సన్నని పోగు గల కలప. దానిని బాగుగా ఆరనిచ్చి, ముక్కలుగా కోసి, గిరగిర త్రిప్పు యంత్రమునకు బిగించి ఉలితో చెక్కుదురు. పూర్వము ఆ యంత్రమును చేతితో త్రిప్పెడివారు. ఇప్పుడు విద్యుత్తు త్రిప్పుచున్నది. రూపము తీరిన పిమ్మట రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కర్రకు ఒత్తిపట్టుదురు. ఒరపిడి వలన పుట్టిన వేడికి లక్క కరగి కర్రకు అంటుకొనును. తరువాత మొగలి ఆకుతో రుద్దినచో అద్దము వంటి నునుపు వచ్చును. ఇందు కుంచెతో పనిలేదు. పసుపుకొమ్ము నుండి పసుపువన్నె, నీలిచెట్టు నుండి నీలము, జాఫ్రా గింజల నుండి నారింజవన్నె తీయుట ఈ పనిలోని నేర్పు.

మన ఇండ్లలో బొమ్మలు రెండు జాతులుగా నుండెడివని గుర్తింపవలెను. మొదటిజాతి కొలువు బొమ్మలు. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి వానిని తీర్చి, పేరంటాండ్రను పిలిచి, పండుగ కాగానే పాతబట్టలలో చుట్టి పెట్టెలో భద్రపరచెడివారు. కృష్ణాతీరపు కొండపల్లి బొమ్మలు ఎక్కువగా ఈ జాతిలోనివి. అవి తేలికయైన పొణికికర్రతో చేయబడినవి. అంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతికి, సుద్ద పూసి, కుంచెతో రంగులు దిద్దినవి. దశావతారములు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కు గీతకాడు - ఇవి చూచుటకే కాని త్రోసి ఆడుటకు కావు. "ముట్టుకొనకుము" అను మాటనే పిల్లలు ఈ బొమ్మల దగ్గర ఎక్కువగా వినెడివారు.

రెండవజాతి లక్కపిడతలు. చిట్టికుండ, దాని మూత, పొయ్యి, రోలు, రోకలి, తిరగలి, చెంబు, గిన్నె - పెద్దవారి వంటయింటిలోని వస్తువులన్నియు అరచేతిలో ఇమిడిపోవునట్లు చేయబడినవి. వానితో ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు వండిరి. బొమ్మల పెండ్లికి విందులు చేసిరి. ఇసుకయే అన్నము, ఆకులే కూరలు. ఇవి పెట్టెలోనికి పోవలసినవి కావు. వీథి అరుగు మీదను, చెట్టు నీడను, చెరువుగట్టునను ఉండవలసినవి. అందువలననే పోయినవి. కుండ ఉండగా మూత దొర్లిపోయెను; రోలుండగా రోకలి నూతిలో పడెను; వానకు తడిసి ఎండకు ఎండి కర్ర నెఱ్ఱెవిచ్చెను; మిగిలిన ముక్కను ఇంటివారే పొయ్యిలో వేసిరి. దుఃఖము ఒక పూట ఉండెడిది. వచ్చు తీర్థములో మరియొక బుట్ట లక్కపిడతలు అమ్మకమునకు వచ్చెడివి.

నేడు ఈ రెండు జాతులలో దేని ఆనవాలు ఎక్కువగా నిలిచియున్నదని విచారించినచో, ముట్టుకొనరాని జాతిదే నిలిచినది. ప్రదర్శనశాలకైనను, సేకర్తల అలమారకైనను చేరగలిగినది పెట్టెలో నిద్రించిన బొమ్మ. కావున పాత బొమ్మలను చూచి, మన పూర్వపు పిల్లలు వానితోనే ఆడిరని అనుకొనుట పొరపాటగును. వారు దేనితో ఎక్కువగా ఆడిరో అదియే ఎక్కువగా నశించినది.

ఈ నియమము ఒక్క తెలుగుదేశముననే కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున మెకానో కంపెనీ 1934 నుండి డింకీ అను పేర చిన్నచిన్న మోటారు బండ్లను అమ్మెను. అక్కడి పిల్లలు వానిని నేలమీద ఢీకొట్టించిరి, చక్రములు ఊడదీసిరి, బండి వచ్చిన అట్టపెట్టెను మొదటినాడే చింపిరి. ఆ కర్మాగారము 1979లో మూతపడెను. ఇప్పుడు సేకర్తలు చెదరని రంగును, చిరగని పెట్టెను వెదకి, ఆ రెండును గల బండికే పెద్ద వెల ఇచ్చుచున్నారు. యుద్ధమునకు పూర్వము పోతపోసిన బండ్లలో కొన్ని, లోహమునందలి మాలిన్యము చేత, ఎవరును ముట్టకుండగనే పగుళ్ళువారి పొడియైపోయినవి. దాచినంత మాత్రమున వస్తువు దక్కునన్న మాటయు నమ్మదగినది కాదన్నమాట.

దీనికి భిన్నమైన సంగతి జర్మనీలోని స్టైఫ్ కంపెనీ చేసిన ఎలుగుబంటి బొమ్మది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో తయారైన ఒక బొమ్మను ఒక ఆంగ్లేయ సైనికోద్యోగి బాల్యము మొదలు జీవితాంతము తనవద్దనే ఉంచుకొనెను. ఆయన అనంతరము 1994 డిసెంబరులో లండనునందు వేలము వేయగా, అది 1,10,000 పౌనులకు అమ్ముడుపోయెను. అందు కొన్నది గుడ్డ, నూలు మాత్రమే కాదు. ఒక మనిషి దానిని ఎన్నడును విడువలేదన్న చరిత్రను కూడ కొనిరి.

వెల ఒకటి, విలువ ఒకటి. చరిత్రకారుడు బొమ్మలో చూచు విలువ వేలములో చెప్పబడునది కాదు. 1920 దశకమున సింధునదీ ప్రాంతమునందలి హరప్పా, మొహెంజొదారోలలో జరిగిన త్రవ్వకములలో మట్టితో చేసిన చిన్న బండ్లు బయటపడినవి. ఆనాటి రైతులు తోలిన కొయ్యబండ్లు ఎప్పుడో చివికి మట్టిలో కలిసిపోయినవి. ఆ బండ్ల చట్రమెట్టిదో, చక్రమెట్టిదో నేడు మనకు తెలుపుచున్నవి ఈ ఆటబండ్లే. మన ప్రాంతమున నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమునందు 1940 దశకపు ఆరంభమున త్రవ్వకములు జరిపినపుడు, శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు అనేకము దొరకినవి. వానిలోని తలకట్టులు, నగలు, ముఖముల తీరు చూచి ఆనాటి జనుల వేషమును ఊహింపగలుగుచున్నాము. రాజశాసనము చెప్పని మాటను విరిగిన బొమ్మ చెప్పుచున్నది.

ఈ వెలకును విలువకును గల భేదమును మన పూర్వకవి శూద్రకుడు ఎఱుగును. ఆయన నాటకమునకు "మృచ్ఛకటికము" అను పేరే ఒక ఆటవస్తువును బట్టి వచ్చినది. పొరుగింటి పిల్లవాని బంగారు బండితో ఆడుకొన్న రోహసేనుడు, దానిని వారు తీసికొనిపోగా మట్టిబండి వలదని ఏడ్చును. వసంతసేన తన నగలను ఆ మట్టిబండిలో నింపి, బంగారుబండి చేయించుకొమ్మనును. పిల్లవాని ఏడుపు తీర్చుటకు ఇచ్చిన ఆ నగలే తరువాత న్యాయసభలో చారుదత్తునిపై నేరమునకు సాక్ష్యములగును. ఆటవస్తువులో పెద్దలు వెల చేర్చినంతనే ఆట ముగిసి వ్యవహారము మొదలగుట ఇందు కనబడుచున్నది.

తిరిగి లక్కపిడతల యొద్దకు వత్తము. అవి విరిగినను పోయినను పూర్వమెవ్వరును చింతింపకపోవుటకు కారణము, చేయువారు సమీపముననే ఉండుట. వరాహ యొడ్డున యంత్రము తిరుగుచున్నంత కాలము ఒక కుండ మూత పోయిన నష్టము నష్టము కాదు. గత శతాబ్ది ఉత్తరార్ధమున ప్లాస్టిక్ బొమ్మలు చౌకగా వచ్చి అంగళ్ళను నింపినవి. లక్కలో చెట్ల రంగులకు బదులు రసాయనపు రంగులు చేరినవి. పిల్లవాడు నోటబెట్టుకొను వస్తువునకు అట్టి రంగు తగునా అను ప్రశ్నయు పుట్టినది. బొమ్మ పోయిన చోటికి మరియొక బొమ్మ రాకపోవుట ఆరంభమైన నాడు, అంతవరకు పోయిన వానినన్నిటిని జనులు తలచుకొనిరి. అరుదైనది అప్పుడే అమూల్యమయ్యెను.

ఏటికొప్పాక చేతులు పని మానలేదు. ఆ గ్రామమునకే చెందిన చింతలపాటి వేంకటపతిరాజుగారు చెట్ల నుండి రంగులు తీయు విద్యను తిరిగి నిలబెట్టుటకు పూనుకొని, తోడి పనివారితో కలిసి కృషి చేసిరి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో రాజుగారికి పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడెను. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథముపై ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోనే సాగెను. ఇది సంతోషింపదగిన గౌరవము.

గౌరవముతోపాటు ఒక ప్రమాదమును వచ్చినది. నగరములలో నేడు లక్కపిడతలు అద్దపు అలమారలలో అలంకారములుగా నిలుచుచున్నవి. రెండవజాతి బొమ్మలను మనము మొదటిజాతిలో చేర్చుచున్నాము. అలంకారమునకు ఇంటికొక్క బుట్ట చాలును. అది విరుగదు, పోదు, మరల కొనవలసిన పనియు లేదు. పిల్లల చేతిలోనున్నచో మరుసటి సంవత్సరము మరియొకటి కావలెను. పనివాని జీవనము ఆ మరియొకటి మీద ఆధారపడియున్నది. అంకుడుచెట్టును నాటి పెంచుటకు కారణమును అదియే. ఒక్కటియు విరుగని బొమ్మల ఊరిలో బొమ్మలు చేయువాడు నిలువజాలడు.

మరియొక సంగతి కలదు. నేటి పిల్లలలో పలువురు తిరగలిని కాని, రోటిని కాని, కట్టెల పొయ్యిని కాని ఇంటిలో చూచి యెఱుగరు. సింధు ప్రాంతపు కొయ్యబండికి మట్టిబండి సాక్ష్యమైనట్లు, మన పాత వంటయింటికి ఈ లక్కపిడతలు సాక్ష్యములగుచున్నవి. రోలుగుంటలోనో, చోడవరములోనో, మరియే ఊరిలోనో ఇంట అమ్మమ్మయో నాయనమ్మయో ఉన్నచో, ఒక బుట్ట లక్కపిడతలు తెచ్చి పిల్లల ముందు పోసి, ఒక్కొక్కదాని పేరును పనియు ఆమె చేత చెప్పింపవచ్చును. తరువాత పిల్లలను ఆడుకొననీయవలెను. మూత దొర్లిపోయినచో వెదకుదము. దొరకకపోయినచో ఏటికొప్పాకకు పోయి మరియొకటి తెత్తము.