తెర లేని తెర

కంప్యూటరు గీసిన బొమ్మను చూడటానికి తెర కావలెను. కాని గీయటానికి కూడా తెర అవసరమా? ఈ చిన్న ప్రశ్న వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1983లో 'ఎథీనా' అనే పథకం ఆరంభమైనది. వేర్వేరు కంపెనీల కంప్యూటర్లపై విద్యార్థులు ఒకే విధంగా పనిచేసుకోవలెనన్నది దాని ఆశయాలలో ఒకటి. 1984లో ఆ పథకంలోని జిమ్ గెటిస్, అదే సంస్థకు చెందిన రాబర్ట్ షైఫ్లర్ కలిసి ఒక ప్రదర్శన పద్ధతిని రూపొందించినారు. దానికి ఆధారం అంతకుముందున్న 'డబ్ల్యు' పద్ధతి. ఇంగ్లీషు అక్షరమాలలో డబ్ల్యు తరువాతది ఎక్స్ గనుక కొత్తదానికి 'ఎక్స్' అని పేరు వచ్చినది. దాని పదకొండవ రూపం 1987లో వెలువడినది.

ఎక్స్‌లోని ముఖ్య విశేషం పని విభజన. గీత గీయమని కోరే ప్రోగ్రాము వేరు. ఆ కోరిక విని గీసే 'డిస్‌ప్లే సర్వర్' వేరు. రెండింటి మధ్య నడిచేవి సందేశాలు మాత్రమే. కోరిన ప్రోగ్రాముకు తెర కనిపించదు. వచ్చిన జవాబే దానికి ప్రమాణం.

1990 దశకం చివర వెబ్ వ్యాపించగా చిక్కు వచ్చినది. గ్రాఫులు, పటాలు గీసి పంపే పని తెరలు లేని సర్వర్ కంప్యూటర్లపై పడినది. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములు అక్షరాల ఆకృతులు, రంగుల వివరాల కోసం డిస్‌ప్లే సర్వరును వెదకేవి. అది దొరకకపోతే బొమ్మ గీయకనే ఆగిపోయేవి.

విరుగుడు ఎక్స్‌లోనే ఉన్నది. డేవిడ్ విగిన్స్ వ్రాసిన 'ఎక్స్‌వీఎఫ్‌బీ' అనే డిస్‌ప్లే సర్వర్ గీతలను తెరపై కాక మెమొరీలో గీస్తుంది. ముఖ్యంగా పరీక్షల కోసం ఉద్దేశించిన ఈ సాధనం బొమ్మల తయారీకి అక్కరకు వచ్చినది. దీనిని నెలకొల్పటం సులభం. తెరకు 99 వంటి సంఖ్య ఇచ్చి, కొలతలు తెలిపి దీనిని నడపవలెను. తరువాత ఆ సంఖ్యను బొమ్మ గీసే ప్రోగ్రాముకు చెప్పవలెను. 1280 × 1024 బిందువుల తెరకు, బిందువుకు 4 బైట్ల చొప్పున, 52,42,880 బైట్ల మెమొరీ చాలును.

2002లో వచ్చిన జావా 1.4లో తెర లేకుండానే గీసే ఏర్పాటు చేరినది. 2017లో క్రోమ్ బ్రౌజరుకూ అటువంటిదే వచ్చినది. అయినా తెరను కోరే ప్రోగ్రాములు ఎన్నో ఉన్నందున ఎక్స్‌వీఎఫ్‌బీ అవసరం తీరలేదు.

వేర్వేరు తెరలను ఒకే పద్ధతిలోనికి తేవటానికి 1984లో ప్రోగ్రామును తెరనుండి విడదీసినారు. ఆ విభజన మూలాననే తరువాత తెరను పూర్తిగా తొలగించినా ప్రోగ్రాముకు తేడా తెలియలేదు. బొమ్మ నిజానికి సంఖ్యల వరుస. తెర కావలసినది దానిని చూచే కంటికి మాత్రమే.