మిరాశీ నుండి ఉద్యోగానికి: తిరుమల అర్చక కుటుంబాల్లో వృత్తి, వారసత్వం

ఉపోద్ఘాతం

తండ్రి చేసిన పనిని కొడుకు కొనసాగించడం సంప్రదాయ సమాజంలో సాధారణం. తిరుమల ఆలయంలో మాత్రం అది ఆచారంగానే మిగలక ఆస్తిహక్కుగా స్థిరపడింది. ఆ హక్కుకే మిరాశీ అని పేరు. వారసత్వం అనే అర్థమున్న అరబ్బీ పదం దీనికి మూలం. ఈ హక్కు రద్దయిన తరువాత పనికి, కుటుంబానికి ఉన్న సంబంధం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కుటుంబమే వ్యవస్థ

శ్రీవారి అర్చన వైఖానస ఆగమానుసారం జరుగుతుంది. పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ కుటుంబాలవారు ఆ సేవను వంశపారంపర్యంగా నిర్వహించారు. ప్రసాదాల తయారీలోనూ మిరాశీదారులు ఉండేవారు. వీరికి ప్రతిఫలం నెలజీతం కాదు, నివేదించిన ప్రసాదాల్లోనూ రాబడిలోనూ వాటా. ఆలయ పాలన 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు, 1933లో దేవస్థానం పాలకవర్గానికి మారినా ఈ ఏర్పాటు చెక్కుచెదరలేదు. మంత్రం, ముద్ర, నియమం పిల్లలకు ఇంటి పెద్దల వద్దనే అబ్బేవి. ఇల్లే పాఠశాల, వంశమే నియామకపత్రం.

చట్టం తెచ్చిన మార్పు

జస్టిస్ చల్లా కొండయ్య సంఘం సిఫారసుల నేపథ్యంలో, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన 1987 నాటి 30వ చట్టం వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. అర్చకులు దీనిని సవాలు చేశారు. 1996 మార్చి 19న సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. పూజావిధానం మతానికి సంబంధించినదే అయినా, అర్చకుని నియామకం లౌకిక వ్యవహారమని తీర్పు సారాంశం. పూర్వం ఒకే ఇంట్లో కలిసి ఉన్న సేవ, హక్కు అనే రెండింటినీ న్యాయస్థానం ఆ విధంగా వేరుచేసింది.

తదనంతర పరిణామాలు

వాటా స్థానంలో వేతనం వచ్చింది. 2007 నాటి సవరణ అర్హులైన వంశీకుల కొనసాగింపును తిరిగి గుర్తించింది. అయితే 'అర్హత' అనే మాట అప్పటికే పుట్టుకకు తోడుగా చేరింది. ధర్మగిరి వేదపాఠశాల, 2006లో తిరుపతిలో ఏర్పడిన వేదవిశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో ఆగమవిద్య తరగతి గదిలో నేర్చుకునే చదువైంది. 2018 మే నెలలో పాలకమండలి అర్చకులకు 65 ఏళ్ల విరమణ వయసును నిర్ణయించింది. అది వివాదమై న్యాయస్థానానికి చేరింది. 2021లో విరమించినవారికి తిరిగి అవకాశం లభించింది. వంశవృత్తిలో ఓపిక ఉన్నంతకాలం సేవ, ఉద్యోగంలో తేదీతో ముగిసే సేవ: ఈ రెండు కాలభావనల ఘర్షణ ఇందులో స్పష్టం.

ముగింపు

మిరాశీ రద్దును పూర్తిగా లాభంగానో నష్టంగానో తేల్చడం సరికాదు. పుట్టుకతో వచ్చే ఆర్థికహక్కు ప్రజాస్వామ్య న్యాయానికి నిలవలేదు. కానీ ఆ హక్కుతో పాటు, తరతరాలుగా ఇంటి పెద్దలు మోసిన బోధనాబాధ్యతకు ఉన్న ఆధారం కూడా సడలింది. ఆస్తిని చట్టం ఒక్క సెక్షనుతో రద్దు చేయగలదు. ఇంట్లో అబ్బే విద్యకు ప్రత్యామ్నాయం ఏర్పడడానికి మాత్రం తరాలు పడుతుంది.